బెజ్జం వేసిన పెట్టె



పోయిన నెల పాస్టర్ల సహవాస కూడికలో ఒక పెద్దాయన నన్ను అందరి ముందు గద్దించారు. నేనన్నది ఒక్క మాటే: సంఘం కానుకలు పాస్టరు ఇంటి బీరువాలో ఉండకూడదని. "తమ్ముడూ, ఇది దేవుని పని, కంపెనీ కాదు. ఆత్మ నడిపించే చోట రిజిస్టర్లు దేనికి?" అన్నారు. వెనకనుంచి ఆమేన్‌లు కూడా వినబడ్డాయి. వయసులో పెద్దవారని ఆ రోజు ఊరుకున్నాను. జవాబు ఇప్పుడు రాస్తున్నాను.

2 రాజులు 12వ అధ్యాయం తెరవండి. యోవాషు రాజు మందిరం బాగుచేయించాలనుకున్నాడు. యాజకులు తమకు తెలిసినవారి దగ్గర డబ్బు తీసుకుని, శిథిలమైన చోటల్లా వాళ్లే బాగుచేయించాలని ఏర్పాటు చేశాడు. వసూలు వాళ్లదే, ఖర్చు వాళ్లదే, లెక్కా వాళ్లదే. రాజు ఏలుబడిలో 23వ సంవత్సరం వచ్చింది. మందిరం బాగుపడలేదు.

ఆ యాజకులు దొంగలని వాక్యం ఎక్కడా అనలేదు, గమనించండి. రాజు కూడా ఎవరినీ చెరసాలలో వేయలేదు, ఎవరినీ పనిలోనుంచి తీసేయలేదు. ఎందుకు బాగుచేయలేదని అడిగాడు, ఏర్పాటు మార్చాడు. ఇకమీదట డబ్బు మీరు తీసుకోవద్దు, బాగుచేసే పనీ మీది కాదు అన్నాడు. యాజకులు ఒప్పుకున్నారు. యెహోయాదా ఒక పెట్టె తెచ్చి, మూతకు బెజ్జం వేసి, మందిరంలోకి వచ్చేవారి కుడిపక్కన, బలిపీఠం దగ్గర పెట్టాడు. ద్వారం కాచే యాజకులు వచ్చిన డబ్బంతా అందులో వేశారు. పెట్టె నిండినప్పుడు లెక్కపెట్టింది ఎవరు? రాజు లేఖికుడు, ప్రధాన యాజకుడు. ఇద్దరు. ఒకరు మందిరం మనిషి, ఒకరు బయటి మనిషి. లెక్కపెట్టి సంచుల్లో కట్టి, పని చేయించేవారి చేతికిచ్చారు. వడ్రంగులకూ, కాసెపనివారికీ కూలి అక్కడనుంచి వెళ్లింది. మానుకూ రాయికీ డబ్బు అక్కడనుంచే వెళ్లింది.

మన సంఘాల్లో జరిగేది దీనికి తలకిందులు. లెక్క తేలకపోతే మనిషిమీద పడతాం. కోశాధికారిని మారుస్తాం. అతనికి కోపం వచ్చి నాలుగు కుటుంబాలతో బయటికి వెళ్లి, అదే వీధిలో ఇంకో మందిరం కడతాడు. అక్కడ కూడా కానుకలు ఒక బీరువాలోకే వెళతాయి. మనిషి మారాడు, బీరువా మారింది. పద్ధతి మాత్రం మారలేదు.

పెద్దాయన నాతో ఇంకో మాట అన్నారు. అదే అధ్యాయం 15వ వచనంలో, పని చేయించినవారిని లెక్క అడగలేదని ఉంది కదా, అని. ఉంది. కానీ ఎవరిని అడగలేదు? ఇద్దరు కలిసి లెక్కపెట్టిన డబ్బు అందుకుని, అందరి కళ్లముందు గోడ కట్టించిన నమ్మకస్తులను. 23వ సంవత్సరం వచ్చినా గోడ కట్టించని వారిని రాజు అడిగాడు, 7వ వచనంలోనే! 15 చదివిన కళ్లకు 7 ఎందుకు కనబడదు?

ఇంకొకటి. ఆ డబ్బుతో మందిరానికి వెండి పాత్రలు గానీ బూరలు గానీ చేయించలేదని 13వ వచనం చెబుతుంది. మరమ్మతుకు ఇచ్చింది మరమ్మతుకే. పని ముగిశాక మిగిలినదానితోనే పాత్రలు చేయించారని 2 దినవృత్తాంతములు 24లో చూస్తాం. కప్పు కారుతుంటే రేకుల కోసమని వసూలు చేసి కీబోర్డు కొన్న సంఘాలు ఈ రెండు చోట్లా వేలు పెట్టుకుని చదవాలి. కీబోర్డు మీద నాకు కోపం లేదు, మా అబ్బాయే వాయిస్తాడు.

ఇదంతా నేను నీతిమంతుణ్ణయి రాయడం లేదు. మన మందిరం కప్పు కోసం మీరిచ్చిన డబ్బు చాలాకాలం మా ఇంట్లోనే ఉంది. ఒక సాయంత్రం, పదీ ఇరవై కూడబెట్టి ఇచ్చే ఒక అవ్వ వచ్చి, "అయ్యా, రేకులకు ఎంత పోగైంది?" అని అడిగింది. ఆమెకు అనుమానం లేదు, ఆశ ఉంది. నేను బీరువా తీశాను. మా అమ్మాయి ఫీజు డబ్బు ఏదో, సంఘం డబ్బు ఏదో నాకే తెలియలేదు. దొంగిలించలేదని ప్రభువుకు తెలుసు. కానీ దొంగిలించలేదని ఆ అవ్వకు చూపించడానికి నా దగ్గర ఒక్క కాగితం లేదు. పౌలు కానుకలు మోసుకెళ్లేటప్పుడు ఒంటరిగా వెళ్లలేదు, సంఘాలు ఏర్పరచిన సహోదరుణ్ణి వెంటబెట్టుకున్నాడు. దేవుని దృష్టికే కాదు, మనుషుల దృష్టికి కూడా సరిగా ఉండాలన్నాడు (2 కొరింథీయులకు 8:18-21). పౌలుకు అవసరమైనది నాకు అక్కర్లేదా?

అపొస్తలుల కార్యములు 6లో సణిగింది గ్రీకు మాట్లాడే యూదులు. ఎన్నుకున్న ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. తమకు అన్యాయం జరుగుతోందన్నవారి వైపునుంచే మనుషులు వచ్చారన్నమాట. మన రాష్ట్రంలో 2001 చట్టం కింద సొసైటీ రిజిస్టర్ చేయించడానికి కూడా కనీసం ఏడుగురు కావాలి. మీకు తెలిసిన సంఘాల కాగితాలు తీయించి చూడండి. ఆ ఏడుగురిలో అయ్యగారు, అమ్మగారు, బావమరిది, తోడల్లుడు పోగా ఎందరు మిగులుతారు?

యెహోయాదా, యోవాషు ఇద్దరూ పోయారు. అయినా దాదాపు రెండు వందల ఏళ్ల తర్వాత యోషీయా కాలంలో కూడా ద్వారపాలకులే డబ్బు కూర్చారు, రాజు లేఖికుడు షాఫాను లెక్క కోసం ప్రధాన యాజకుడు హిల్కీయా దగ్గరికి వెళ్లాడు. ధర్మశాస్త్ర గ్రంథం దొరికిందని హిల్కీయా చెప్పింది ఆ లెక్కల పనిమీద వచ్చిన షాఫానుతోనే (2 రాజులు 22). పెద్దాయన గారూ, రిజిస్టర్లున్న చోటికి దేవుని వాక్యం రాదని ఎలా అనగలం?

వచ్చే ఆదివారంనుంచి పెట్టె మన మందిరంలో కుడిపక్కన ఉంటుంది. రెండు తాళాలు. ఒక తాళంచెవి స్త్రీల సమాజం దగ్గర, రెండోది మీరు చేతులెత్తి ఎన్నుకునే పెద్ద దగ్గర. నాకు చుట్టాలైనవారిని ఎన్నుకోవద్దు. ఆరాధన అయ్యాక బల్లమీదే లెక్కపెట్టి మొత్తం బోర్డుమీద రాస్తారు. నాకిచ్చే జీతం కూడా ఆ పుస్తకంలోనే పడాలి. రేకుల డబ్బు ఎంతని నేను ఇంట్లో తేల్చగలిగానో అది మొదటి పేజీలో రాస్తాను. తక్కువ పడిందనిపిస్తే లేచి అడగండి. ఆ అవ్వను ముందు వరుసలో కూర్చోబెట్టండి.