కొలిచేది కటకం కాదు, లెక్క!

లేజర్ల సంగతి వేరు గానీ, ఉత్త కటకాలున్న ఏ పరికరమూ దూరాన్ని కొలవదు. అది చూపించేది కోణం మాత్రమే.

సర్వేవాళ్ళ టెలిస్కోపులో అడ్డంగా రెండు చిన్న గీతలుంటాయి. దూరంగా నిలబెట్టిన కొలబద్ద మీద ఆ రెంటి మధ్య 40 సెంటీమీటర్లు కనిపిస్తే, 100తో గుణించి 40 మీటర్లు అంటారు. అంతే! సైజు తెలిస్తే దూరం వస్తుంది, దూరం తెలిస్తే సైజు వస్తుంది. రెండూ తెలియకపోతే ఎంత ఖరీదైన అద్దమైనా గుడ్డిదే.

అందుకే లాంబ్టన్ 1802లో మద్రాసు దగ్గర సుమారు 12 కి.మీ. నేలని గొలుసుతో కొలిచి మరీ మొదలెట్టాడు. త్రిభుజాలు పేర్చుకుంటూ, అక్కడక్కడా మళ్ళీ నేల కొలిచి సరిచూసుకుంటూ సర్వే హిమాలయాల దాకా వెళ్ళింది. 160 కి.మీ.కి పైగా దూరం నుంచి చూసి, 1856లో ఎవరెస్టు ఎత్తు 29,002 అడుగులన్నారు. 2020లో నేపాల్, చైనా ప్రకటించింది 8848.86 మీటర్లు.. అంటే సుమారు 29,032 అడుగులు. తేడా 30 అడుగులే! ఆ అంకెలతో కుస్తీ పట్టినవాళ్ళలో రాధానాథ్ సిక్దార్ ఒకరు. శిఖరానికి పేరు మాత్రం 1843లోనే రిటైరైపోయిన ఎవరెస్టు దొరది!

నన్నడిగితే, పదో తరగతి పిల్లల చేత "టవరు ఎత్తెంత" లెక్కలు పుస్తకంలో చేయించడం కాదు, కోణమానిని, దారం, ఓ టేపు ఇచ్చి బడి బయటికి పంపాలి. టేపు కొలత తప్పైతే మిగతాదంతా గాల్లో లెక్కే అని అప్పుడు తెలుస్తుంది. రేపు ఫోను చూపించే అంకెని నమ్మేముందు కూడా "దీనికి ఆధారం ఏ కొలత?" అని అడుగుతారు. ఏమంటారు?