పాత స్కాన్లు పారేయకండి

మెదడులో సిస్టు ఉందని రిపోర్టులో కనబడగానే ఇంటిల్లిపాదీ అన్నం మానేసి కూర్చోవడం రేడియాలజిస్టుగా తరచూ చూస్తుంటాను. ఆ భయంలో సగం మా రాతవల్ల వచ్చిందే. ‘అరక్నాయిడ్ సిస్ట్, క్లినికల్ కోరిలేషన్ సజెస్టెడ్’ అని, అంటే రోగి బాధలతో పోల్చి చూసుకోమని, రాసి చేతులు దులుపుకుంటాం. ఆ కోరిలేషన్ ఎవరు చెయ్యాలి? కవరు పట్టుకుని తిరిగే తండ్రా?

ఆ మధ్య బండి మీంచి పడ్డ ఇంటర్ కుర్రాడికి సీటీ తీస్తే ఎడమ కణత లోపల సిస్టు కనబడింది. దెబ్బకీ దానికీ సంబంధం లేదు, అరక్నాయిడ్ సిస్టులు చాలావరకు పుట్టుకతో వచ్చేవే. వాళ్లమ్మ మాత్రం ఏం జబ్బని అడగలేదు, “ఆపరేషను ఎప్పుడు సార్?” అంది. ఎమ్మారై చేశాం. లోపలున్నది మెదడు చుట్టూ సహజంగా ఉండే నీరే అయితే ఎమ్మారైలో టీ2 అనే రకం బొమ్మల్లో తెల్లగా, ఫ్లేర్ అనే రకంలో నల్లగా కనబడాలి. అలాగే కనబడింది. డిఫ్యూజన్ అనే ఇంకో రకంలో తెల్లగా వెలిగితే ఎపిడెర్మాయిడ్ అనే వేరే సిస్టని అనుమానించేవాణ్ణి. సీటీలో ఆ రెండూ కవలల్లా ఉంటాయి మరి. వెలగలేదు. తలనొప్పి లేదు, ఫిట్స్ లేవు. దెబ్బ తగిలితే అలాంటి సిస్టు దగ్గర అరుదుగా రక్తం చేరొచ్చు కాబట్టి హెల్మెట్ పెట్టుకోమని చెప్పి న్యూరోసర్జన్ ఇంటికి పంపేశారు.

అలాగని క్యాన్సర్ కాదు కదా అని అన్నిటినీ ఒకే గాటన కట్టకూడదు. మెదడు లోపలి నీటి గదుల్లో ఒకటైన మూడో వెంట్రికల్‌లో వచ్చే కొల్లాయిడ్ సిస్టు చిన్నదే అయినా నీటి దారికి అడ్డం పడితే మనిషి ఉన్నట్టుండి స్పృహ తప్పవచ్చు, ప్రాణమే పోవచ్చు. నడుం దిగువన త్రికాస్థిలో కనబడే టార్లోవ్ సిస్టుది ఇంకో తంతు. 1938లో ఇసడోర్ టార్లోవ్ వర్ణించిన ఈ సిస్టులు నడుంనొప్పికి ఎమ్మారై తీస్తే ఊరికే బయటపడుతుంటాయి. నొప్పి తెప్పించేది చాలాసార్లు పైనున్న డిస్కే. అయితే కొందరికి సిస్టే నరాన్ని నొక్కుతుంది. కూర్చుంటే మంట, మూత్రం ఆగడం లేదు అనే మనిషిని “ఏం లేదమ్మా” అని పంపెయ్యడం అన్యాయం.

సిస్టు పెరుగుతోందా, అలాగే ఉందా అన్నది తేల్చడానికి పాత స్కానుకి మించిన చవకైన పరీక్ష లేదు. మనవాళ్లు తెచ్చేది ఫోన్లో తీసిన రిపోర్టు ఫొటో ఒక్కటే. ఫిల్ము బీరువా మీద వేడికి నల్లబడిపోయి ఉంటుంది, సీడీ పిల్లల పాలై ఉంటుంది, సెంటరువాళ్లు పంపిన లింకు తెరుచుకోదు.

తోటి రేడియాలజిస్టులకు నా మనవి: ఈ సిస్టు రోగి చెప్పిన బాధకి కారణం కాగలదా, మళ్లీ స్కాను అవసరమా అన్నది రిపోర్టు చివర ఒక్క వాక్యంలో రాయండి. ఇక స్కాను తీయించుకునే మీరేమో అది అవగానే బొమ్మలన్నీ సీడీలోనో పెన్‌డ్రైవ్‌లోనో అడిగి తీసుకోండి. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా రిపోర్టుతోపాటు అదీ పట్టుకెళ్లండి.