యూరప్ రైళ్లు: చేతిలో టికెట్ ఉన్నా సీటు ఎందుకు ఉండదు?

వేసవి వచ్చిందంటే జర్మనీలో చదివే పిల్లల దగ్గరికి తల్లిదండ్రులు బయల్దేరతారు. ఎలాగూ అంత దూరం వచ్చాం కదా అని పారిస్, స్విట్జర్లాండ్ కూడా చుట్టి రావాలనుకుంటారు. వీసా, విమానం టికెట్ల విషయంలో ఎంతో జాగ్రత్తగా ఉండేవాళ్లు కూడా రైలు దగ్గరికి వచ్చేసరికి మనకు తెలిసిన లెక్కే వేసుకుంటారు. టికెట్ కన్ఫర్మ్ అయిందంటే కోచ్, సీటు నంబరు వచ్చినట్టేనని.

అక్కడ ఆ లెక్క అన్నిచోట్లా చెల్లదు. యూరప్‌లో చాలా రైళ్లకు టికెట్ వేరు, సీటు వేరు. కొన్ని దేశాల్లో మాత్రం రెండూ కలిపే ఇస్తారు. ఈ తేడా తెలియకపోతే నాలుగు గంటలు సూట్‌కేసుల మీద కూర్చుని వెళ్లాల్సి రావచ్చు. లేదంటే వేల రూపాయల టికెట్ చేతిలో ఉండగానే రైలు వెళ్లిపోవచ్చు.

జర్మనీలో ఎలా?

జర్మనీలో ఐసీఈ హైస్పీడ్ రైలుకు టికెట్ కొంటే ఆ రైల్లో ప్రయాణించే హక్కు వస్తుంది. అంతే. మన జనరల్ టికెట్‌తో వందే భారత్ ఎక్కనిచ్చినట్టు అనుకోండి. వెయిటింగ్ లిస్టు, ఆర్‌ఏసీ, చార్టు లాంటివి ఉండవు. రైలు నిండినా సాధారణంగా టికెట్లు అమ్ముతూనే ఉంటారు. సీటు కావాలంటే విడిగా రిజర్వేషన్ కొనుక్కోవాలి. సెకండ్ క్లాస్‌లో 2025 జూన్ నుంచి మనిషికి 5.50 యూరోలు.

అంతకుముందు కుటుంబం మొత్తానికి 10.40 యూరోలకే ఫ్యామిలీ రిజర్వేషన్ దొరికేది. అప్పుడే దాన్ని ఎత్తేశారు. ఇప్పుడు నలుగురికి 22 యూరోలు, అంటే రెండు వేల రూపాయలకు పైనే. ఎందుకు దండగ అనిపిస్తుంది. కానీ శుక్రవారం సాయంత్రమో, సెలవుల ముందో పెద్దవాళ్లతో ప్రయాణమైతే ఇది తగ్గించుకోవాల్సిన ఖర్చు కాదు.

రిజర్వేషన్ లేకుండా ఎక్కితే సీటు పైన ఉండే చిన్న స్క్రీన్ చూడాలి. అందులో రెండు స్టేషన్ల పేర్లుంటే ఆ మధ్య దూరానికే సీటు రిజర్వ్ అయిందని అర్థం. మాన్‌హైమ్ నుంచి కొలోన్ వరకు అని ఉంటే, మాన్‌హైమ్ వచ్చేదాకా మీరు నిశ్చింతగా కూర్చోవచ్చు. రిజర్వ్ చేసుకున్నవారు రైలు కదిలిన 15 నిమిషాల్లోపు రాకపోతే ఆ సీటుపై వారి హక్కు పోతుంది.

టికెట్లలోనూ రెండు రకాలున్నాయి. చౌకగా వచ్చే 'స్పార్‌ప్రైస్' టికెట్ మీరు ఎంచుకున్న రైలుకే పనికొస్తుంది. తర్వాతి రైలెక్కితే చెల్లదు. ఖరీదైన 'ఫ్లెక్స్‌ప్రైస్'తో ఆ రోజు అదే దారిలో వెళ్లే ఏ రైలైనా ఎక్కవచ్చు. చౌక టికెట్ ఉన్నవారికి ఒక వెసులుబాటు ఉంది. గమ్యం చేరడానికి 20 నిమిషాలకు మించి ఆలస్యమయ్యేలా ఉంటే ఆ కట్టుబాటు తొలగిపోతుంది, వేరే రైలు ఎక్కవచ్చు. జర్మనీ రైళ్ల సమయపాలన ఇప్పుడు మునుపటిలా లేదు కాబట్టి ఈ నిబంధన అవసరం తరచుగానే పడుతుంది.

విద్యార్థుల దగ్గరుండే డాయిష్‌లాండ్ టికెట్ సంగతి వేరు. 2023 మేలో నెలకు 49 యూరోలతో మొదలైన ఈ పాస్ 2026 జనవరి నుంచి 63 యూరోలైంది. లోకల్, రీజినల్ రైళ్లకే అది చెల్లుతుంది. దానితో ఐసీఈ ఎక్కితే టికెట్ లేని ప్రయాణం కిందే లెక్క.

సీటు లేనిదే ఎక్కనివ్వని రైళ్లు

సరిహద్దు దాటి ఫ్రాన్స్‌లోకి వెళ్తే పద్ధతి తలకిందులవుతుంది. టీజీవీకి రిజర్వేషన్ తప్పనిసరి, టికెట్‌తో పాటే సీటు నంబరు వస్తుంది. ఇటలీలో ఫ్రెచ్చారోసా, ఇటాలో, స్పెయిన్‌లో ఏవీఈ, లండన్ వెళ్లే యూరోస్టార్, రాత్రి నడిచే నైట్‌జెట్ అన్నీ ఇదే బాపతు. సీట్లు అయిపోతే టికెట్ కూడా అయిపోయినట్టే. విమానంలా ఆలస్యంగా కొనేకొద్దీ ధర పెరుగుతుంది. తత్కాల్ లాంటి ఆఖరి కోటా కోసం ఎదురుచూడటం ఇక్కడ నష్టమే.

స్పెయిన్ హైస్పీడ్ రైళ్లకు సామాను స్కానింగ్ ఉంటుంది, రైలు కదలడానికి 2 నిమిషాల ముందే గేటు మూసేస్తారు. ఇటలీలో రీజినల్ రైళ్లకు సీటు నంబరుండదు కానీ పేపర్ టికెట్‌ను ఎక్కే ముందు స్టేషన్‌లోని మిషన్‌లో పెట్టి ముద్ర వేయించుకోవాలి. డబ్బులిచ్చి కొన్న టికెట్టే అయినా ముద్ర లేకపోతే జరిమానా వేస్తారు. యూరోస్టార్‌లో లండన్ వెళ్లడానికి షెంజెన్ వీసా సరిపోదు, బ్రిటన్ వీసా ఉండాలి.

స్విట్జర్లాండ్‌లో మామూలు రైళ్లకు రిజర్వేషన్ గొడవ లేదు. గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్, బెర్నినా ఎక్స్‌ప్రెస్ లాంటి టూరిస్టు రైళ్లకు మాత్రం అదనంగా కట్టాలి. అదే పట్టాల మీద మామూలు రైళ్లు కూడా నడుస్తాయి. కిటికీలు కాస్త చిన్నవి, కొండలు మాత్రం అవే.

పాస్ ఉంటే చాలా?

ఒక్క పాస్‌తో 33 దేశాలు తిరగొచ్చని చూసి చాలామంది ఊళ్లో ఉండగానే యూరేల్ పాస్ కొంటారు. అది టికెట్‌కు బదులు, సీటుకు బదులు కాదు. జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్‌లలో దానితో నేరుగా ఎక్కేయవచ్చు. ఫ్రాన్స్‌లో టీజీవీకి మళ్లీ 10 నుంచి 20 యూరోల రిజర్వేషన్ కట్టాలి. పైగా పాస్ ఉన్నవారికి కొన్ని సీట్లే కేటాయిస్తారు. అవి నిండితే రైల్లో ఖాళీ ఉన్నా దొరకదు. మీ ప్రయాణం ఎక్కువగా ఫ్రాన్స్, ఇటలీ, స్పెయిన్‌లలో అయితే పాస్ కంటే ముందుగా కొన్న విడి టికెట్లే చౌకగా పడే అవకాశం ఎక్కువ.

ఇంకో విషయం. యూరేల్ యూరప్ బయట నివసించేవారికి, ఇంటర్‌రేల్ అక్కడ నివసించేవారికి. పాస్‌పోర్టు ఏ దేశానిదన్నది కాదు, నివాసం ఎక్కడన్నదే లెక్క. కాబట్టి విజయవాడ నుంచి వెళ్లిన తల్లిదండ్రులకు యూరేల్, స్టుట్‌గార్ట్‌లో చదివే అమ్మాయికి ఇంటర్‌రేల్. ఇంటర్‌రేల్‌తో ఆ అమ్మాయి జర్మనీ లోపల ఎన్నిసార్లైనా తిరగలేదు. దేశం దాటడానికి ఒకసారి, తిరిగి రావడానికి ఒకసారి మాత్రమే.

కనెక్షన్ తప్పితే ఎవరు బాధ్యులు?

డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే. ఆ కుటుంబమే స్టుట్‌గార్ట్ నుంచి పారిస్ వెళ్లి, అక్కడి నుంచి బార్సిలోనా వెళ్లాలనుకుందని అనుకుందాం. రెండు టికెట్లు రెండు యాప్‌లలో చౌకగా దొరికాయి. మొదటి రైలు గంటన్నర ఆలస్యమైంది. పారిస్‌లో అది ఆగేది గార్ దె లెస్ట్‌లో, బార్సిలోనా రైలు బయల్దేరేది గార్ దె లియోన్‌లో. రెంటి మధ్యా మెట్రో ఎక్కి వెళ్లాలి. వెళ్లేసరికి రైలు లేదు.

2023 జూన్ 7 నుంచి అమల్లో ఉన్న ఐరోపా సమాఖ్య నిబంధన ప్రకారం గమ్యానికి 60 నుంచి 119 నిమిషాలు ఆలస్యమైతే టికెట్ ధరలో 25 శాతం, 120 నిమిషాలు దాటితే 50 శాతం వెనక్కివ్వాలి. తీవ్రమైన వాతావరణం లాంటి కారణాలకు మినహాయింపు ఉంది, రైల్వే సిబ్బంది సమ్మెకు లేదు. దరఖాస్తుకు గడువు 3 నెలలు. అయితే టికెట్లు రెండైతే ఒప్పందాలూ రెండే. ఈ కుటుంబానికి వచ్చేది పారిస్ టికెట్‌లో పావు వంతు. బార్సిలోనా టికెట్ పోయినట్టే.

రెండు రైళ్లూ ఒకే టికెట్‌గా కొని ఉంటే, చివరి గమ్యం వరకు చేర్చే బాధ్యత రైల్వేదే అయ్యేది. ఒకే సంస్థ నడిపే కనెక్షన్ రైళ్లకు ఒకేసారి డబ్బు కట్టి కొంటే దాన్ని ఒకే టికెట్‌గా చూడాలని నిబంధన చెబుతోంది. వేరే వెబ్‌సైటు రెండు టికెట్లు కలిపి అమ్మితే, అవి విడివిడి ఒప్పందాలని ముందే చెప్పాలి. చెప్పకుండా అమ్మితే, కనెక్షన్ తప్పినప్పుడు మొత్తం డబ్బుతో పాటు మరో 75 శాతం పరిహారం ఇవ్వాలి. కొన్ని రైల్వే సంస్థలు పరస్పర అంగీకారంతో తర్వాతి రైల్లో ఎక్కనిస్తాయి. అందుకు మొదటి రైలు సిబ్బంది నుంచి ఆలస్యం జరిగినట్టు ధ్రువీకరణ తీసుకోవడం ముఖ్యం.

ఎన్ని దేశాలు దాటినా ఒకే వేదికపై ఒకే టికెట్, దారి పొడవునా ప్రయాణికుడి హక్కులు వర్తించేలా చట్టం తెస్తామని ఐరోపా కమిషన్ అధ్యక్షురాలు ఉర్సులా ఫాన్ డెర్ లాయెన్ 2024 జులైలో హామీ ఇచ్చారు. అలాంటి చట్టానికి ఐరోపా పార్లమెంటు, సభ్య దేశాల మండలి రెండూ ఒప్పుకోవాలి. పోటీ సంస్థల టికెట్లను తమ యాప్‌లో అమ్మడం పెద్ద రైల్వేలకు పెద్దగా ఇష్టం లేని పని. ఈలోగా పారిస్‌లో స్టేషన్ మారాల్సినవారు విడి టికెట్లు కొంటే, రెండు రైళ్ల మధ్య కనీసం రెండున్నర గంటలైనా ఉంచుకోవడం మేలు.