నికాహ్: ఒప్పందమా, ప్రమాణమా?

ముస్లింల పెళ్ళి కేవలం ఒక ఒప్పందమేనని, ఇల్లు అద్దెకు తీసుకున్నట్లు ఇష్టం ఉన్నన్నాళ్ళు ఉండి, లేనినాడు కాగితం చింపుకోవచ్చునని మన చుట్టుపక్కల చదువుకున్నవారు అంటుంటారు. మనవాళ్ళలో కొందరు కూడా ఈ మాటను గొప్పగానే చెప్పుకుంటారు. చూశారా, మా ధర్మం ఎంత సులువో అని! ఇద్దరూ అర్ధసత్యమే పలుకుతున్నారని మా అభిప్రాయం.

ఈ మాటకు న్యాయస్థానపు ముద్ర పడింది 1886లో. అలహాబాదు హైకోర్టులో మెహర్ చెల్లింపు వివాదంతో వచ్చిన అబ్దుల్ ఖాదిర్, సలీమా కేసులో జస్టిస్ సయ్యద్ మహమూద్ నికాహ్‌ను సివిల్ ఒప్పందంగా వర్ణించారు. మెహర్‌ను అమ్మకంలో వస్తువుకిచ్చే వెలతో పోల్చారు. ఆయన సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ గారి కుమారుడు, పండితుడు. తీర్పును సాంతం చదవనివారు సైతం ఆ పోలికను మాత్రం నేటికీ పట్టుకుని వేలాడుతున్నారు. 1933లో అదే హైకోర్టులో సర్ షా మహమ్మద్ సులేమాన్ ఈ పోలిక సరిపోదనీ, నికాహ్‌కు ధార్మిక స్వభావం కూడా ఉందనీ అన్నారు. అది అంతగా ప్రచారానికి రాలేదు.

ఫిఖహ్ గ్రంథాలు నికాహ్‌ను అఖ్ద్ అంటాయి, నిజమే. ఈజాబ్, ఖుబూల్, ఇద్దరు సాక్షులు, మెహర్ అన్నీ ఒప్పందపు లక్షణాలే. ఆడపిల్ల ఇష్టం లేనిదే ఆ ఒప్పందం కుదరదు. ఇది ఆమెకు పెద్ద రక్ష. షరతులు రాసుకునే హక్కు కూడా ఆమెకు ఉంది. నెరవేర్చవలసిన షరతులలో అన్నిటికన్నా ముందు వరుసలో ఉండేవి నికాహ్ షరతులేనని దైవప్రవక్త (స) సెలవిచ్చారు. అన్నట్టు, అఖ్ద్ అంటే అరబీలో ముడి. తెలుగువాళ్ళం గనుక పెళ్ళిని ముడి అంటే ఏమిటో మనకు వేరే చెప్పనక్కరలేదు.

అయితే దివ్య ఖుర్ఆన్ ఈ ముడికి మరో పేరు పెట్టింది. సూరయె నిసా 21వ ఆయత్‌లో దీనిని మీసాఖె గలీజ్ అన్నది, అంటే గట్టి ప్రమాణం. ఈ పదం ఖుర్ఆన్‌లో మూడే చోట్ల వస్తుంది. సూరయె అహ్‌జాబ్‌లో అల్లాహ్ తన ప్రవక్తల నుండి తీసుకున్న ప్రమాణానికి ఈ పేరు. సూరయె నిసాలోనే మరోచోట, తూర్ పర్వతాన్ని పైకెత్తి బనీ ఇస్రాయీల్ నుండి తీసుకున్న ప్రమాణానికి ఈ పేరు. మూడోది భార్యాభర్తల సంగతి. మొదటి రెండు చోట్లా ప్రమాణం తీసుకున్నవాడు స్వయంగా అల్లాహ్. మూడోచోట తీసుకున్నవారు స్త్రీలు! వారు మీనుండి గట్టి ప్రమాణం తీసుకున్నారని పురుషులకు చెప్పడం జరిగింది. అక్కడి క్రియాపదం స్త్రీలింగ బహువచనం. వ్యాకరణం చెప్పేటప్పుడు మేము పిల్లలను ఇక్కడ ఒక్క నిమిషం ఆపుతాము.

ఒప్పందానికీ ప్రమాణానికీ తేడా ఎక్కడుంది? ఒప్పందంలో ఇటొకరు, అటొకరు ఉంటారు. ఒకరు తప్పితే రెండోవారికి విడుదల. ప్రమాణంలో మూడో పక్షం ఉంది. అది అల్లాహ్. ఎదుటివాడు దుర్మార్గుడైనా, మాట బలవంతంగా తీసుకున్నా, మనకు నష్టం వచ్చినా ఆ మూడో పక్షం అక్కడి నుండి కదలదు.

బద్ర్ నాటి ఒక సంఘటన సహీహ్ ముస్లింలో ఉంది. హజ్రత్ హుజైఫా (రజి), ఆయన తండ్రి మదీనాకు వస్తుండగా ఖురైషీయులు దారిలో పట్టుకున్నారు. ముహమ్మద్ దగ్గరికే పోతున్నారు గదా అని నిలదీశారు. లేదు, మదీనాకే పోతున్నామని వీరన్నారు. అయితే ఆయన పక్షాన యుద్ధం చేయబోమని అల్లాహ్ పేరిట ప్రమాణం చేయమన్నారు. ఆ హదీసులో వాడిన పదం కూడా మీసాఖే. ఇద్దరూ ప్రమాణం చేసి బయటపడి, దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి జరిగింది విన్నవించారు. ముస్లిం సైన్యం మూడు వందల పైచిలుకు, అటు వెయ్యి మంది దాకా. ఒక్కొక్క మనిషీ లెక్కకు వచ్చే రోజు అది. శత్రువు బెదిరించి తీసుకున్న మాట ఎక్కడ చెల్లుతుందని మనలాంటివాళ్ళమైతే అనేవాళ్ళం. ఆయన (స) మాత్రం, మీరు వెళ్ళండి, వారికిచ్చిన మాట నిలుపుదాం, సహాయం అల్లాహ్‌ను అడుగుదాం అన్న భావంతో ఇద్దరినీ పంపివేశారు. ఆ ఇద్దరూ బద్ర్‌లో పాల్గొనలేదు.

యుద్ధభూమిలో శత్రువుకిచ్చిన మాటకే ఇంత విలువ ఉంటే, పుట్టిల్లు వదిలి వచ్చిన ఆడపిల్లకు ఇచ్చిన మాటకు ఎంత ఉండాలి? మన ఊళ్ళలో దాని గతి చూద్దాం. ఖాజీ సాహెబ్ సియాహా తెరుస్తారు. మెహర్ ఎంత అని అడుగుతారు. పెద్దలు ఒక అంకె చెబుతారు. ఇప్పుడా, తర్వాతా? తర్వాతే లెండి! ఆ తర్వాత అనేది ముప్పై ఏళ్ళయినా రాదు. చివరకు భర్త జనాజా ముంగిట్లో ఉండగా, ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లిన భార్య దగ్గరకు నలుగురు ఆడవాళ్ళు చేరి, మెహర్ మాఫ్ చేశానని ఒక్క మాట అనమ్మా, ఆయనకు భారం దిగుతుంది అంటారు. ఆ ఘడియలో కాదనగల స్త్రీ ఎవరు? దీనిని క్షమాపణ అనడానికి మాకు నోరు రాదు. మెహర్ అప్పు. షరీఅత్ ప్రకారం ఆస్తి పంచక ముందు ఖననం ఖర్చు తర్వాత తీరవలసినవి అప్పులు. కొడుకులు వాటాలకు కూర్చునే ముందు తల్లి మెహర్ లెక్క తేలాలి. ఎన్ని ఇళ్ళలో తేలుతున్నది?

ఇందులో ఒక అక్షరం చిక్కు కూడా ఉంది. వెంటనే ఇచ్చే మెహర్ ముఅజ్జల్, ఐన్ అక్షరంతో. వాయిదా వేసేది కూడా ముఅజ్జల్, హంజాతో. అరబీ పలుకులో తేడా స్పష్టం. మన ఉర్దూలో రెండూ ఒక్కలాగే వినిపిస్తాయి, తెలుగు లిపిలో ఒక్కలాగే కనిపిస్తాయి. పెళ్ళికూతురి తండ్రి మొదటిది అనుకుని తల ఊపుతాడు, కాగితం మీద రెండోది పడుతుంది. కనుక ఖాజీ సాహెబును అడిగి, వెంటనే అనో, ఫలానా తేదీకి అనో తెలుగులో రాయించుకోండి. ఇందులో తప్పేమీ లేదు.

మరోవైపు, ఖుర్ఆన్ ఎక్కడా చెప్పని సొమ్ము మాత్రం నికాహ్‌కు ముందే రొక్కంగా చేతులు మారుతున్నది. హైదరాబాదు వైపు జోడే కీ రఖమ్ అంటారు, కోస్తాలో కట్నమే అంటారు. పేరేదైనా పిల్ల తండ్రి అప్పుచేసి తెచ్చే డబ్బే. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం కట్నానికి నిర్వచనం చెబుతూ ముస్లింల మెహర్‌ను అందులో చేర్చకుండా పక్కన పెట్టింది. ఎందుకంటే మెహర్ వరుడి ఇంటి నుండి వధువు చేతికి వెళ్ళేది. చట్టం రాసినవారికి తెలిసిన ఈ దిక్కు మన పెళ్ళిపెద్దలకు తెలియకుండా పోయింది. వెలతో పోల్చిన జస్టిస్ మహమూద్ గారిని మనం తప్పుపడతాం, సరే. ఖుర్ఆన్ మెహర్‌ను నిహ్లా అన్నది, మనస్ఫూర్తిగా ఇచ్చే కానుక అని. కానీ వరుడికి వెలకట్టే మనకు ఆయనను తప్పుపట్టే అర్హత ఏపాటిది?

ఒప్పందమే మిగిలి ప్రమాణం పోతే ఏమవుతుందో పాతబస్తీ చూసింది. 1991లో ఒక బాలికను పెళ్ళి పేరిట వృద్ధుడైన అరబ్బు వెంటబెట్టుకుపోతుంటే విమాన సిబ్బంది గుర్తించి ఆపించారు. 2017 సెప్టెంబరులో ఇటువంటి పెళ్ళిళ్ళ కేసులోనే హైదరాబాద్ పోలీసులు గల్ఫ్ పౌరులతోపాటు ఖాజీలను కూడా అరెస్టు చేశారు. ఈజాబ్ ఉంది, ఖుబూల్ ఉంది, సాక్షులున్నారు, సంతకాలున్నాయి. లేనిదేమిటో పాఠకులే చెప్పగలరు.

ఒకేసారి మూడు తలాక్‌ల సంగతి కూడా ఇంతే. 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు, 2019లో చట్టం వచ్చాయి. వాటిలోని లోపాలపై మన ఉలమా చెప్పవలసింది చెప్పారు, మళ్ళీ చెప్పము. కానీ సూరయె నిసా 35వ ఆయత్, తగవు వస్తే అతని తరఫున ఒకరు, ఆమె తరఫున ఒకరు కూర్చోవాలన్నది. కేవలం ఒప్పందమైతే తప్పెవరిదో తేల్చి పరిహారం కట్టించి పంపవచ్చు. ఇక్కడ ముందు కలపాలన్న సంకల్పంతో కూర్చోవాలి. అటువంటి ఇద్దరు మనుషులు దొరకని మొహల్లా ఉందంటే మేము నమ్మము. పిలిచేవారే లేరు.

మెహర్ ఎంత ఉండాలని తల్లిదండ్రులు అడుగుతుంటారు. మహ్‌రె ఫాతిమీ అని పెద్దలు చెప్పేది 500 దిర్హముల వెండి. మన దేశపు ఉలమా లెక్కలో సుమారు 1,530 గ్రాములు. అంత ఇవ్వగలిగినవారు ఇవ్వండి, లేనివారు తగ్గించుకోండి. లక్ష రాసి ఎగ్గొట్టేకంటే పదివేలు రాసి ఆనాడే ఇచ్చేయడం మేలు. వాయిదా తప్పకపోతే రూపాయల్లో కాక బంగారంలోనో వెండిలోనో రాయించండి. యాభై ఏళ్ళ క్రితం 525 రూపాయలని రాసిన మెహర్ ఈనాడు ఒక పూట బజారు ఖర్చుకు కూడా రాదు.

ఇప్పటికే ఏళ్ళు గడిచినవారు నెలకింత చొప్పున మొదలుపెట్టవచ్చు. మా ఆవిడ ఎప్పుడో మాఫ్ చేసింది అనేవారు చాలామంది ఉన్నారు. భార్య సంతోషంగా కొంత వదులుకుంటే తీసుకోవచ్చునని ఖుర్ఆనే అనుమతించింది, కాదనము. అయితే ముందు ఆ సొమ్ము లెక్కపెట్టి ఆమె చేతిలో పెట్టండి. నాలుగు రోజులు ఆమె పెట్టెలోనే ఉండనివ్వండి. ఆ తర్వాత ఆమె ఏమంటుందో వినండి.