ఏడు చేపలలో ఎన్ని యెండినవి?

మూడేండ్లు నిండీ నిండని శిశువును అతిథుల యెదుట నిలువబెట్టి, ఒకటి మొదలు నూరు వరకు, అదియు నింగ్లీషున, గడగడ వల్లింపజేసి, వచ్చినవారు మెచ్చుకొనగా పొంగిపోవు తలిదండ్రులు నేడు ప్రతి వీధిలోను కనబడుచున్నారు. ఆ శిశువు ముందే అయిదు చింతగింజలుంచి లెక్కపెట్టుమన్నచో, ఒక్కొక్కదానిని తాకుచు అయిదు వరకు సరిగనే పలుకును గాని, "అయితే మొత్తమెన్ని?" అని యడిగినంతనే మరల మొదటినుండి యెంచనారంభించుట తఱచు. కడపట పలికిన సంఖ్యయే ఆ గింజలన్నిటి పరిమాణమను సంగతి వానికింకను బోధపడలేదన్నమాట. రోషెల్ గెల్మన్, రాండీ గాలిస్టెల్ అను అమెరికా మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు 1978లో ప్రకటించిన గ్రంథమున లెక్కించుటను అయిదు సూత్రములుగా విడదీసి చూపిరి. వస్తువున కొక్క సంఖ్యనే చెప్పుట, సంఖ్యల వరుస తప్పకుండుట, కడపటి సంఖ్యయే మొత్తమని గ్రహించుట వానిలో ముఖ్యములు. వల్లెవేతకు వీనిలో దక్కునది వరుస యొక్కటియే.

తక్కినవి పలకమీద కంటె కథలో సులభముగ నలవడునని నా యభిప్రాయము. అందులకు క్రొత్త గ్రంథములను వెదకనక్కరలేదు. బొమ్మలతో నచ్చొత్తిన ఏడు చేపల కథ చాలును. రాజునకు కుమారులేడుగురు, వారు తెచ్చి యెండబెట్టిన చేపలేడు; ఒక్కొక్క రాకుమారుని నుండి ఒక్కొక్క చేప వరకు పుటమీద వ్రేలితో గీత గీయు పిల్లవాడు, ఏడను పేరింకను నోట బలుకకున్నను, రెండు సముదాయములును సమానములని కన్నులార గాంచును. ఎండినవి యాఱు, ఎండనిది యొకటి యనగా తీసివేత గుర్తు నెఱుగకయే తీసివేత యయ్యెను. ఆ యొక్క చేప యేల యెండలేదని అటుపైని ఒకరినుండి యొకరికి సాగు విచారణ నాకు మఱింత ప్రియమైనది. చేప, గడ్డిమేటు, ఆవు, గొల్లవాడు, అవ్వ, పాప, చీమ అను వరుసలో కథ చెప్పుకొను ఇండ్లలో, సంజాయిషీ చెప్పుకొన్నవారి సంఖ్యయు ఏడే యగుట యాదృచ్ఛికమో, ఏ ముసలమ్మ చమత్కారమో చెప్పజాలను. ఆవు తరువాత నడిగినదెవరిని? అవ్వకు ముందెవరు? చీమ యెన్నవది? ఇవన్నియు క్రమసంఖ్యను నేర్పు ప్రశ్నలే. చీమ కుట్టకున్నచో చేప యెండెడిదేనా యని యడిగిచూడుడు. నాలుగేండ్ల బాలిక కథను తుదినుండి మొదటికి ఒక్కొక్క మెట్టే విప్పుకొనుచు పోవుటను మించిన తర్కపాఠమును ఆ వయస్సునకు నేనెఱుగను.

అయితే కథను పరీక్షగా మార్చు పెద్దలకంటె, అసలు కథయే చెప్పని పెద్దలు మేలు. తొలిసారి చదువునపుడు కథ కథగనే సాగవలెను. పిల్లలు చదివిన కథనే మరల మరల చదువుమని ప్రాణము తీయుదురు గదా, ఆ పునఃపఠనములలో పూటకొక్క ప్రశ్న చాలును. సమాధానము తప్పినచో దిద్దవలదు. "ఏదీ, ఇద్దఱము కలిసి చూతము" అని వ్రేలు పుటమీద నుంచినచో తప్పు తనంత తానే తొలగును. అంకెలే గణితమనుకొనుటయు పొరపాటే. గడ్డిమేటుకంటె ఆవు పెద్దదా, చీమ పుట్టకు లోపలనున్నదా వెలుపలనున్నదా యనునవియు గణితపు ప్రశ్నలే.

బ్రిటను, కెనడా, అమెరికాలలో సేకరించిన ఆఱు దీర్ఘకాలిక పరిశీలనలను గ్రెగ్ డంకన్ బృందము 2007లో పరిశోధించి, బడిలో చేరునాటి గణిత జ్ఞానమే పిమ్మటి చదువును అన్నిటికంటె బలముగ సూచించునని తేల్చినది. సూచించుట వేఱు, కారణమగుట వేఱు గాన దీనినే పట్టుకొని ఊరేగనక్కరలేదు. మన కేంద్ర ప్రభుత్వమును 2026–27 నాటికి మూడవ తరగతి ముగియులోపల ప్రతి విద్యార్థికిని చదువును అంకెలును పట్టుబడవలెనని 2021 జూలైలో నిపుణ్ భారత్ అను కార్యక్రమమును ప్రారంభించినది. ఆ రెండింటిని ఒక్క తావున జేర్చు సాధనము కథాపుస్తకమే గాన, అంగన్‌వాడీలలో నవి బీరువాలో తాళమువేసి యుంచక, చినిగినను సరే, పిల్లల చేతికీయవలెను.

ప్రచురణకర్తలకును ఒక మనవి. కథలో ఏడని చెప్పి బొమ్మలో నాలుగు చేపలనే గీయకుడు. ఒకవేళ అట్టి పుస్తకమే మీయింట నున్నచో పారవేయకుడు. తక్కిన మూడును ఎక్కడికి పోయినవని పిల్లలే మిమ్ములను నిలదీయుదురు, సమాధానమును వారినే చెప్పనిండు.