భిలాయి పచ్చిక ఎవరి వాటా నీళ్లు తాగుతోంది?

వానలకు కొదవలేని చోట కరవును తట్టుకునే గడ్డి గురించి మాట్లాడటం వింతగానే ఉంటుంది. ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయిలో ఏటా సుమారు 1,200 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అనంతపురంతో పోలిస్తే రెట్టింపు. కానీ అందులో అధిక భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే కురిసిపోతుంది. మే నెలలో ఎండ 45 డిగ్రీలను తాకే ఊళ్లో పచ్చిక పచ్చగా ఉందంటే, అది గొట్టంతో పోసిన నీళ్ల చలవే.

సోవియట్ సహకారంతో 1955లో కుదిరిన ఒప్పందం ఈ పట్టణానికి పునాది. 1959 ఫిబ్రవరి 4న తొలి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలైంది. సెక్టార్లు, వెడల్పాటి రోడ్లు, క్వార్టర్ల ముందు కాస్త ఖాళీ జాగా అప్పటి ప్రణాళికలో భాగం. ఉత్తరాంధ్ర నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ ఆ జాగాయే పెరడు, పూలతోట. నీళ్లు మాత్రం స్థానికం కాదు. బాలోద్ దగ్గరి తాండులా జలాశయం బ్రిటిష్ హయాంలో వరి పొలాల కోసం కట్టింది. ఆ నీటిలోనే కర్మాగారానికీ టౌన్‌షిప్‌కూ వాటా వచ్చింది.

చిన్న లెక్క చూద్దాం. చదరపు మీటరుకు ఒక మిల్లీమీటరు నీరంటే ఒక లీటరు. నడివేసవిలో రోజుకు 5 మిల్లీమీటర్లు పోసినా, వంద చదరపు మీటర్ల పచ్చికకు 500 లీటర్లు కావాలి. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలన్నది ప్రభుత్వ ప్రమాణం. అంటే ఆ చిన్న పచ్చిక దాదాపు నలుగురి నీళ్లు తాగుతుంది.

దీనికి జవాబు వినాయకుడి పూజలో ఉన్నదే: గరిక. హిందీలో దూబ్. నీళ్లు అందకపోతే పైన గోధుమరంగుకు తిరుగుతుంది, కింద కాండం, వేళ్లు బతికే ఉంటాయి. తొలకరి పడగానే మళ్లీ చిగురిస్తుంది. పొలంలో రైతు పీకలేక విసిగిపోయే ఆ మొండితనమే ఇక్కడ సుగుణం. నర్సరీల్లో కొరియన్ గడ్డి పేరుతో అమ్మే సన్నటి రకం చూడటానికి తివాచీలా ఉంటుంది గానీ, ఒకసారి దెబ్బతింటే కోలుకోవడానికి చాలా కాలం పడుతుంది. ఇక తొక్కని చోట, వాలుగా ఉన్న గట్ల మీద వట్టివేరు మేలు. ఇక్కడ గడ్డికి ఎండను ఓర్చుకోవడం ఒక్కటే చాలదు. స్థానికులు కన్హార్ అనే నల్లమట్టిలో వానాకాలం నిలిచే తడినీ తట్టుకోవాలి. వట్టివేరు రెండింటికీ తట్టుకుంటుంది.

గరికకూ ఒక లోపం ఉంది. నీడలో ఎదగదు. భిలాయిలో చెట్లకు తక్కువేమీ లేదు కాబట్టి, వాటి కింద గడ్డి కోసం పట్టుబట్టడం వృథా. రాలిన ఆకులను ఊడ్చి తగలబెట్టకుండా అక్కడే పరిస్తే నేల తడి నిలుస్తుంది.

గడ్డి మార్చడం కన్నా కష్టమైనది కంటి అలవాటు మార్చుకోవడం. పార్కు నిర్వహణ పనిని ఏడాది పొడవునా పచ్చదనం అనే షరతుతో అప్పగిస్తే, ఏ గడ్డి నాటినా గొట్టం ఆగదు. ఏప్రిల్, మే నెలల్లో గోధుమరంగును లోపంగా లెక్కగట్టకూడదు. ఆటస్థలాల వంటి కొన్ని చోట్ల నీళ్లు తప్పనిసరైతే, శుద్ధి చేసిన మురుగునీరు వాడవచ్చు. మిగతా చోట్ల జూన్ చివర, నేల బాగా తడిశాక గరిక కణుపులు నాటితే, అక్టోబరుకల్లా వేళ్లు నేలలో దిగి ఉంటాయి.