ఫర్నేస్ ఫిల్టర్: పెద్ద నంబరే మంచిదా?

అమెరికాలో పాత ఇల్లు కొనుక్కున్న పిల్లల దగ్గరికి చలికాలంలో వెళుతున్నారా? ఉబ్బసం, సీఓపీడీ ఉన్నవారు ఇన్‌హేలర్లు గుర్తుగా సర్దుకుంటారు. కిటికీలన్నీ మూసి ఉంచే ఆ ఇంట్లో పీల్చబోయే గాలి గురించి మాత్రం అడగరు. చాలా ఇళ్లలో ఫర్నేస్ గదుల్లోని గాలినే లాక్కుని, వేడిచేసి, గొట్టాల ద్వారా తిరిగి పంపుతుంది. దారిలో దుమ్మును ఆపేది ఫిల్టర్.

ఫిల్టర్ల మీద ‘మెర్వ్’ అనే రేటింగు 1 నుంచి 16 వరకు ఉంటుంది. నాన్నకు ఆయాసం కదా అని పిల్లలు దుకాణంలో ఉన్నవాటిలో పెద్ద నంబరు తెచ్చి బిగిస్తారు. ప్రేమ మంచిదే. కానీ పాత ఫర్నేస్‌కు అన్నిసార్లూ అది సరిపడదు.

మెర్వ్ 8 రకం, 3 నుంచి 10 మైక్రాన్ల కణాల్లో కనీసం 70 శాతాన్ని పడుతుంది. అంటే దుమ్ము, పుప్పొడి చాలావరకు ఆగుతాయి. మెర్వ్ 13 రకం, పొగలో ఉండే 0.3 నుంచి 1 మైక్రాన్ కణాల్లోనూ కనీసం సగాన్ని ఆపుతుంది. ఊపిరితిత్తులకు ఇదే మేలు. అయితే వడపోత చిక్కనైన కొద్దీ గాలి దూరడం కష్టం. పాత ఫర్నేస్ ఫ్యాను ఆ భారాన్ని తట్టుకోలేకపోవచ్చు. గాలి తగ్గితే లోపలి లోహం అతిగా వేడెక్కి, ఫర్నేస్ మాటిమాటికీ ఆగిపోతుంది. ఏళ్ల తరబడి ఇలాగే సాగితే ఆ లోహం పగుళ్లివ్వవచ్చు. గ్యాస్ ఫర్నేస్ అయితే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి వచ్చే ప్రమాదమూ ఉంది.

అందుకే పాత ఫర్నేస్‌కు అంగుళం మందం ఫిల్టరైతే 8తో మొదలుపెట్టమనండి. టెక్నీషియన్ గాలి ఒత్తిడి కొలిచి సరేనంటేనే 11కో, 13కో వెళ్లాలి. ఫిల్టర్ చుట్టూ సందు ఉండకూడదు. దాని మీది బాణం గుర్తు ఫర్నేస్ వైపు చూడాలి. నెలకోసారి తీసి చూడాలి, మూడు నెలలు దాటనివ్వకూడదు. మాసిపోయిన 13 కంటే శుభ్రమైన 8 నయం.

మరి ఆయాసం ఉన్నవారి సంగతి? వారు పడుకునే గదిలో, గది కొలతకు తగ్గ హెపా ఎయిర్ ప్యూరిఫయర్ పెట్టించండి. ఫర్నేస్ మీద భారం పడదు. తాలింపు పెట్టేటప్పుడు పొగను బయటికి పంపే ఫ్యాను వేయండి. మూసిన గదిలో అగరొత్తులు వద్దు. ఇన్‌హేలర్ మాత్రం మానకూడదు.

ఒక్క మాట మరవకండి. ఏ నంబరు ఫిల్టరైనా కార్బన్ మోనాక్సైడ్‌ను ఆపలేదు. దానికి వాసన లేదు, రంగు లేదు. ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి, వికారం, తల తిరగడం మొదలైతే జలుబో, ఫ్లూనో అనుకోవద్దు. వెంటనే బయటికి వచ్చి 911కు ఫోన్ చేయాలి. ప్రతి అంతస్తులోనూ, పడకగదుల దగ్గరా అలారం ఉండాలి. ఏటా ఫర్నేస్ తనిఖీ జరగాలి.

ఈసారి ఫోన్ చేసినప్పుడు మీ పిల్లల్ని మూడు ప్రశ్నలడగండి: ఫిల్టర్ ఎప్పుడు మార్చారు? అలారం పనిచేస్తోందా? ఫర్నేస్‌ను ఈ ఏడాది ఎవరైనా చూశారా? టికెట్ కొనేలోపే జవాబులు రావాలి.